మోగని సెట్టు

పాలవాడిని తిట్టాలంటే నేను ముందు కళ్లజోడు వెతుక్కోవాలి. తర్వాత ఫోను వెతుక్కోవాలి. "ఇవాళ కూడా చిరిగిన ప్యాకెట్టే పడేశావు, నీకు సిగ్గుందా" అని వేలితో ఒక్కొక్క అక్షరం నొక్కాలి. అప్పుడు ఫోనులోంచి ఒక ఆడగొంతు, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతు లాంటిది, ఎంతో మర్యాదగా "నీకు సిగ్గుందా" అని అడుగుతుంది. పాలవాడు నవ్వి, "అలాగేనమ్మా" అని మెట్లు దిగి వెళ్లిపోతాడు. తిట్లు తిన్నట్టు వాడికి తెలియనే తెలియదు.

నా పేరు నూకరత్నం. విశాఖపట్నం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరుగా చేశాను. మద్రాసులో ఉన్న మనిషి గొంతు వినాలన్నా, కలకత్తాలో ఉన్న మనిషి గొంతు వినాలన్నా ఊళ్లోవాళ్లు ముందు నా గొంతు వినాల్సిందే. ఆ గొంతులోనే పుండు లేచింది. మామూలు పుండు కాదన్నారు డాక్టర్లు. స్వరపేటిక మొత్తం తీసేసి, మెడ మీద రంధ్రం పెట్టి, ఇక దీంతోనే ఊపిరి పీల్చుకోమన్నారు. అప్పటికి ఇలా మనిషికో ఫోను లేదు. ట్రంకు ఆపరేటరు మాటల్ని రికార్డు చేసుకుని దాచుకునే పిచ్చివాళ్లెవరుంటారు? మా పెళ్లికి కూడా ఫోటోలే తీయించారు. నా గొంతు ఎక్కడా మిగల్లేదు.

మా ఆయన సన్యాసిరావు. పోర్టులో సరుకుల ఇన్సూరెన్సు సర్వేయరు. ఓడలోంచి దిగిన పెట్టె మూల నొక్కుకుపోతే, అది సముద్రం మీద నొక్కుకుపోయిందా, గోదాములో నొక్కుకుపోయిందా అని తేల్చడం ఆయన ఉద్యోగం. మంచి మనిషే. తాగరు, చెయ్యెత్తరు. కాపురంలో ఆయన నాతో అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాట మాత్రం, "మెల్లిగా, రత్నం." పగలంతా చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ముక్కూ మొహం తెలియని వాళ్లతో తీయగా మాట్లాడి వచ్చేదాన్ని. ఇంటికొచ్చాకైనా నోరారా గట్టిగా మాట్లాడాలనిపించేది. ఆయన పడక్కుర్చీలోంచి చెయ్యి ఎత్తి "మెల్లిగా" అనేవారు. ఆపరేషను తర్వాత ఇక ఆయనకు ఆ మాట అనే అవసరం రాలేదు.

మా తమ్ముడు నూకరాజు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. మద్దిలపాలెంలో వాళ్ల మేడ మీద గదిని వాడు ల్యాబ్ అంటాడు, వాళ్లావిడ పాత సామాన్ల కొట్టు అంటుంది. పాడైపోయిన రేడియోలంటే వాడికి ప్రాణం. వాటి స్పీకర్లు విప్పి, వెనకున్న అయస్కాంతాలను తీగచుట్టల మధ్య పెట్టి తిప్పుతూ ఉంటాడు. ఎందుకురా అంటే నవ్వేవాడు. ఒకరోజు పొద్దున్నే మమ్మల్నిద్దరినీ ఉన్నపళాన రమ్మన్నాడు.

వెళ్లేసరికి బల్ల మీద ఒక అయస్కాంతం మెల్లగా తిరుగుతోంది. పక్కనున్న పెట్టెలోంచి రేకు మీద వాన పడుతున్నట్టు చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు వెనక నుంచి, ఎక్కడో దూరంగా ఒక మనిషి కేక వినిపించింది. "రెండిడ్లీ, ఒక గారె, సాంబారు విడిగా."

"ఇదెక్కడి స్టేషనురా?" అన్నారు మా ఆయన.

"స్టేషను కాదు బావా. మూసేసిన కాఫీ హోటల్ సెట్టు ఇది. పాడైపోయి ఏళ్ల తరబడి గల్లాపెట్టె పైన అలమరాలో ఉండిపోయింది. అక్కడ కూర్చుని అది విన్నవే ఇవన్నీ."

"రేడియో వినడమేటి?"

నూకరాజు ఒక స్పీకరు తీసి, దాని కాగితం గరాటు మీద వేలు పెట్టించాడు. "దీనికి ఎదురుగా ఏదైనా మాట్లాడు బావా."

"ఏటి మాట్లాడను?" అన్నారు ఆయన. అంటూనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వేలి కింద గరాటు వణికిందట.

"అదీ సంగతి. సెట్టు చచ్చినా గరాటు చావదు. గదిలో ఎవరు మాట్లాడినా ఊగుతాది, ఊగినప్పుడల్లా తీగలో కాస్తంత కరెంటు పుడతాది. ఈ సెట్టు చేసిన వాల్టోనా అనే హాలండు కంపెనీవాళ్లు కొన్నాళ్లు అయస్కాంతంలో ఏదో లోహం కలిపారు. ఆ కరెంటు దాని మీద గీత పెట్టేస్తాది. నేను ఆ గీతలు చదవడం నేర్చుకున్నాను, అంతే."

"మరి మోగే సెట్టులోనో?"

"మోగే సెట్టుకి దాని గొడవే సరిపోతాది. తన పాటలతో తనే అన్నీ తుడిచి పారేసుకుంటాది. ఒక్క పూట గట్టిగా మోగిస్తే చాలు, పాతవి దాదాపు మిగలవు. చెడిపోయిన సెట్టే వింటాది బావా." ఇంకో మీట తిప్పాడు. ఈసారి గొంతు పక్కనే ఉన్నట్టు వచ్చింది. "చిల్లర లేదండీ, చాక్లెట్టు తీసుకోండి." నూకరాజు నవ్వాడు. "గల్లా దగ్గర కూర్చున్న మనిషి. దూరం నుంచి అరిచినవాళ్లు పైపైన ఉంటారు. దగ్గర కూర్చున్నవాళ్లు లోతుకి దిగిపోతారు."

నేను ఫోను తీయలేదు. తీయక్కర్లేదు. ముగ్గురికీ ఒకటే సెట్టు గుర్తొచ్చింది.

అది కూడా వాల్టోనాయే. పోర్టులో ఎవరూ విడిపించుకోని సరుకులు వేలం వేస్తే మా ఆయన పాడి తెచ్చారు. కొంతకాలం బాగానే పాడింది. తర్వాత లోపల బల్బులా వెలిగే వాల్వు ఒకటి కాలిపోయింది, అది ఇక్కడ దొరకలేదు. ముందుగదిలో గోడ అలమరాలో పెట్టి, నేనల్లిన గుడ్డ కప్పి, పైన గాజు బాతును కూర్చోబెట్టాను. దాని కిందే ఆయన పడక్కుర్చీ. నేను వంటింట్లోంచి మాట్లాడినా, గుమ్మంలోంచి మాట్లాడినా, పిండి రుబ్బుతూ పాడుకున్నా అన్నీ దాని ఎదుటే. ఆపరేషను తర్వాత ఫ్లాటుకు మారుతూ, పాత సామాన్లవాడికి ఇచ్చేశాం.

"పది నిమిషాల నీ మాట దొరికితే చాలక్కా," అన్నాడు నూకరాజు. "ఫోనులో ఉన్న ఆ రైల్వే ఆవిడని దింపేసి నిన్ను ఎక్కిస్తాను. నువ్వు కొట్టిన ప్రతి మాటా నీ గొంతుతో పలుకుతాది."

ఇంటికొచ్చి ఏడ్చాను. గొంతు లేనివాళ్లు ఏడిస్తే చప్పుడు రాదు. పక్క గదిలో ఉన్న ఆయనకు తెలియలేదు.

ఇక్కడి పాత సెట్లను కొందరు వ్యాపారులు పోగుచేసి, పెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపేస్తారని పూర్ణా మార్కెట్టులో చెప్పారు. అక్కడ వాటిని కొని మెరుగుపెట్టి దాచుకునే సరదాపరులు ఉన్నారట. వాళ్లు ఇంటర్నెట్టులో ఒకరికొకరు అమ్ముకుంటారు. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. జర్మనీవాడి బొమ్మలు, జపానువాడి బొమ్మలు, బెల్జియంవాడి బొమ్మలు, ఒక్కొక్క వాల్టోనాను ముందూ వెనకా పెద్దవి చేసి చూశాను. మా ఆయన అన్నం తినమని పిలిస్తే విసుక్కునేదాన్ని, అది కూడా చేత్తోనే.

దొరికింది. హాలండులో ఏదో చిన్న ఊరు. పుట్టింటికి చేరుకుంది మహాతల్లి. అమ్మే ఆయన పేరు విల్లెమ్. ఇంగ్లీషులో రాశాడు. "పని చేయదు. విడిభాగాలకు మాత్రమే. ఎడమ పక్కన చిన్న ఎర్రటి అలంకరణ చుక్కలు ఉన్నాయి, కంపెనీవో కావో తెలియదు."

అవి నా బొట్టుబిళ్లలు. డ్యూటీ నుంచి వచ్చి మొహం కడుక్కోబోయే ముందు ఒక్కోటి తీసి దాని పక్కన అంటించేదాన్ని. అద్దానికి అంటించకని ఆయన గోల పెడితే రేడియోకు అంటించాను. ఆ బొమ్మ చూపించేసరికి మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

ఆ సాయంత్రమే నూకరాజు మా ఇంటికొచ్చాడు. ఇద్దరూ భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నారు. డబ్బు సంగతి తేలిగ్గానే తేలింది. మనం కట్టినది మధ్యలో ఒక కంపెనీ దగ్గర ఉంటుంది. సరుకు అందాక "చేరింది, బాగుంది" అని మనం మీట నొక్కితేనే అమ్మినవాడికి పోతుంది. మా ఆయనకు ఆ పద్ధతి తెగ నచ్చింది.

"ఒక్కటి మాత్రం, మనకెందుకు కావాలో అతనికి చెప్పకూడదు," అన్నాడు నూకరాజు. "చెప్పామంటే ధర ఆకాశానికి ఎక్కిస్తాడు. లేదంటే వాడే విప్పి కెలుకుతాడు. నా పేపరు అచ్చయ్యేదాకా ఈ సంగతి బయటికి పొక్కకూడదు బావా."

"మరమ్మతు అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టే పంపమని రాస్తాను."

నేను ఫోను తీసుకుని నొక్కడం మొదలుపెట్టాను. "ఆయనకు నిజం చెప్పేద్దాం. అది నా గొంతని చెబుదాం. దయచేసి మోగించవద్దని బతిమాలుకుందాం." పెద్ద వాక్యాలు. చత్వారం కళ్లు, వణికే వేళ్లు. నేను రెండో వాక్యంలో ఉండగానే వాళ్లు ప్యాకింగులోకి వెళ్లిపోయారు. చెక్కపెట్టా, అట్టపెట్టా, లోపల స్పాంజి ఎంత మందం అని వాదించుకుంటున్నారు. ఆ మధ్యలో రైల్వే ఆవిడ లేచి, బండి ఆలస్యమన్నంత నిదానంగా, "ఆయనకు నిజం చెప్పేద్దాం" అంది.

"ఆఁ, అదీ చూద్దాం రత్నం," అన్నారు మా ఆయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ఒళ్లు మండిపోయింది. నా గొంతే ఉంటే బల్ల చరిచి, ఇల్లెగిరిపోయేలా అరిచి, ఇద్దరి చేతా రాయించేదాన్ని. ఉన్నది ఆ మర్యాదస్తురాలి గొంతు. అది చెబితే ఇంట్లో కుక్కపిల్ల కూడా లేవదు. ఇంకోసారి కొట్టేసరికి వాళ్లు ఇన్సూరెన్సు పేజీలో ఉన్నారు.

అక్కడ చిక్కు వచ్చింది. పని చేయని పాత ఎలక్ట్రానిక్ సామాన్లకు ఇన్సూరెన్సు ఇవ్వరట.

"ఇన్సూరెన్సు లేకుండా పంపించేద్దాం బావా, బతికి బాగుంటే వస్తాది," అన్నాడు నూకరాజు.

మా ఆయన ఒంటికాలి మీద లేచారు. "ఏటిరా మాటలు? విమానంలో ఎన్ని చేతులు మారతాదో తెలుసా? ఎక్కడ ఎవడు విసిరేస్తాడో తెలుసా? దాంట్లో ఉన్నది మీ అక్క గొంతురా. ఇన్సూరెన్సు లేని పెట్టె నా ఇంటికి రాదు." అని, 'పని చేస్తుందా' అన్న ప్రశ్న పక్కన 'అవును' అని నొక్కేశారు.

"అబద్ధం కదా బావా?"

"పంపేటప్పుడు ఎవడూ చూడడు. పగిలాకే చూస్తారు. పగిలిపోయాక, నువ్వు ఇదివరకు మోగేదానివా అని పెట్టెని అడుగుతారేటి? నా సర్వీసంతా ఇదే కదరా చూశాను."

నిజమే, సర్వీసంతా అదే చూశారు. ఊళ్లోవాళ్ల పెట్టెలు సముద్రం దాటివస్తే, పగిలినవాటి ముందు గొంతుక్కూర్చుని అబద్ధాలు పట్టుకున్న మనిషి. తన జీవితంలో ఒక్క అబద్ధం ఆడారు. అది నా కోసమే ఆడారు. ఈ మాట ఆయన వైపు నుంచి కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

పెట్టె బయలుదేరిందని కబురొచ్చింది. ఆంస్టర్‌డాం దాటింది, ఢిల్లీలో కస్టమ్సు దగ్గర ఆగింది, పాత సామానుకు ఇంత సుంకమేమిటని ఆయన ఫోనులో పోట్లాడారు, కట్టారు, కదిలింది. రోజూ కాఫీ తాగుతూ నాకు చదివి వినిపించేవారు. నేను మటుకు నా మొదటి మాట ఏమిటా అని ఆలోచించుకునేదాన్ని. చివరికి తేల్చుకున్నాను. నా గొంతు ఫోనులోకి ఎక్కగానే, ఆయన ఏదో ఒకటి మాట్లాడేదాకా ఆగి, "మెల్లిగా, సన్యాసిరావు గారూ" అనాలి. ఆ మాట ముందే కొట్టి దాచిపెట్టుకున్నాను కూడా.

పెట్టె నూకరాజు మేడ మీదే విప్పాం. మా ఆయన ముందు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. మూలలు తడిమారు, సీలు చూశారు, వంగి అడుగు చూశారు. ఒక్క నొక్కు లేదు. చెక్క తళతళలాడుతోంది. నా బొట్టుబిళ్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని వేలితో తాకాను.

"బావా," అన్నాడు నూకరాజు. వాడి మొహంలో రంగు మారిపోయింది. "ఈ కరెంటు తీగ కొత్తది."

నిజంగానే కొత్తది. ప్లగ్గు కూడా కొత్తదే. మా ఆయన కంప్యూటరు తెరిచారు. పెట్టె చేరిందని తెలిసి విల్లెమ్ అప్పుడే సందేశం పంపాడు. నూకరాజు దాన్ని తెలుగులో చదువుతూ పోయాడు.

"మరమ్మతు అక్కర్లేదని మీరు మర్యాద కొద్దీ రాశారు, నన్ను శ్రమ పెట్టకూడదనుకున్నారు. కానీ ఇన్సూరెన్సువారు నాకు రాశారు. ఇది పని చేస్తుందని మీరు చెప్పారట, మోగుతుండగా వీడియో తీసి పంపితేగాని పెట్టె తీసుకోబోమన్నారు. మీ మాట అబద్ధం కావడం నాకిష్టం లేదు. ఆ వాల్వు నా దగ్గర ఒకటే ఉంది, దీనికే వేశాను. దారిలో ఆగిపోతుందేమోనని వారం రోజులు రాత్రీ పగలూ గట్టిగా మోగించి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. మీకు ఆశ్చర్యంగా ఉండాలని ముందుగా చెప్పలేదు. మరమ్మతుకు డబ్బేమీ వద్దు. ఆ ఎర్రచుక్కలు అందంగా ఉన్నాయి, తీయలేదు."

మా ఆయన ఆడిన అబద్ధాన్ని ఆ పుణ్యాత్ముడు నిజం చేశాడు. తిడదామంటే ఎవరిని తిట్టాలో తెలియలేదు.

అయినా నూకరాజు స్పీకరు విప్పాడు. "లోతున ఏదైనా మిగిలుంటాదేమో అక్కా," అన్నాడు, నా మొహం చూడకుండా. అయస్కాంతం తిరిగింది. పరాయిదేశం పాటలొచ్చాయి. వాళ్ల భాషలో వార్తలొచ్చాయి. పాట ఆపేశాక ఎవరో ముసలాయన కూనిరాగం తీస్తున్నాడు. విల్లెమే కాబోలు, సెట్టు పక్కనే కూర్చుని సంతోషంగా పని చేసుకుంటున్నాడు. నూకరాజు మీట ఇంకా లోతుకు తిప్పాడు, ఇంకా లోతుకు తిప్పాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక తీసేయబోతుండగా, ఆ వానలోంచి, స్పష్టంగా, మాకు మూరెడు దూరంలో ఉన్నట్టు, ఒక మగగొంతు వచ్చింది.

"మెల్లిగా, రత్నం. పక్కింటికి వినపడతాది."

అంతే. దాని ముందు ఏమీ లేదు, తర్వాత ఏమీ లేదు. నేనేం అంటే ఆయన ఆ మాట అన్నారో తెలియదు. పాట పాడుతున్నానో, పోట్లాడుతున్నానో, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగానో. నా మాట వంటింట్లోంచి వచ్చింది, పైపైన ఉండిపోయింది, పోయింది. ఆయన దాని కిందే కూర్చునేవారు.

నూకరాజు ఇంకో ముప్పావుగంట వెతికాడు. వెతికినంతసేపూ మా ఆయన గోడకు చేరబడి నేల మీద కూర్చున్నారు. ఆయన నేల మీద కూర్చోవడం చూసి చాలా ఏళ్లయింది, మోకాళ్ల నొప్పులు.

"కంప్లైంటు ఇద్దామేటి బావా?" అన్నాడు నూకరాజు చివరికి, ఏదో ఒకటి అనాలని.

"దేని మీద ఇస్తాం? చిన్న గీత కూడా పడలేదు," అన్నారు ఆయన. "క్లెయిము చెయ్యడానికి ఏటీ లేదు." లేచి, కంప్యూటరు దగ్గరికి వెళ్లి, "చేరింది, బాగుంది" అన్న మీట నొక్కారు. సముద్రాల అవతల ఉన్న ఆ మంచిమనిషికి డబ్బు చేరింది.

ఆ తర్వాత నూకరాజు పేపరు అచ్చయింది. ఇప్పుడు పాడైపోయిన వాల్టోనా సెట్ల కోసం దేశదేశాల జనం ఎగబడుతున్నారు. పోయిన భర్తల కోసం, పోయిన పిల్లల కోసం. బాగా మోగే సెట్లలో వాల్వులు పీకేసి, మూగ సెట్లని చెప్పి అంటగట్టే దొంగలు కూడా తయారయ్యారు. నూకరాజుకు సన్మానం చేశారు. శాలువా తెచ్చి నా మంచం మీద పెట్టి వెళ్లాడు. నేను దాన్ని తీసి వాళ్లావిడకే పంపించేశాను.

విల్లెమ్ ఆ వార్త చదివాడు. ఒకటే వాక్యం రాశాడు. "నాకెందుకు చెప్పలేదు?"

మా ఆయన అది చదివి, నా ఫోను తెచ్చి నా చేతికిచ్చారు. నేను కొట్టాను. రైల్వే ఆవిడ ఎప్పటిలాగే తీయగా చదివింది. "నేను చెప్పాను. వీళ్లు వినలేదు." ఆయన ఎదురుగానే కూర్చుని విన్నారు. ఆ జవాబు పంపించలేదు నేను. క్షమించమని మాత్రం రాసి పంపాను. విల్లెమ్ తప్పు లేదు కదా.

సెట్టు ఇప్పుడు మా ఫ్లాటు ముందుగదిలో, గోడ అలమరాలో ఉంది. దాని కింద పడక్కుర్చీ. కొత్త వాల్వు అద్భుతంగా ఉంది, విశాఖపట్నం రేడియో స్టేషను గంట కొట్టినట్టు పలుకుతుంది. పొద్దున లేస్తూనే దాన్ని వేసి, చివరిదాకా తిప్పేస్తాను. మోగే సెట్టు ఏమీ వినదని నూకరాజే చెప్పాడు. ఈ ఇంట్లో ఇంకా మిగిలి ఉన్న గొంతు ఏదీ అది వినకూడదు. కింది వాటావాళ్లు ఒకసారి వచ్చి సౌండు తగ్గించమని అడిగారు. రైల్వే ఆవిడ చేత కుదరదని చెప్పించాను.

మా ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటారు. వ్యవసాయదారుల కార్యక్రమం చెవులు పగిలిపోయేలా మోగుతుంటుంది. ఒక్కోసారి అలవాటుకొద్దీ ఆయన చెయ్యి కుర్చీ మీంచి పైకి లేస్తుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తాను. నా వైపు చూసి, ఆ చెయ్యి దించేసుకుంటారు.